పెట్రోలు కారు ఇగ్నిషన్ వ్యవస్థ: ఇంటి దగ్గర చేసుకోదగిన సంరక్షణ

ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని చెప్పగానే చాలా షెడ్లలో ముందు ప్లగ్గులన్నీ విప్పి కొత్తవి బిగిస్తారు. దానితో తగ్గకపోతే కాయిల్ మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే పెట్రోలు పంపును అనుమానిస్తారు. ఈ వరుసలో డబ్బు ఖర్చవుతుందే తప్ప లోపం ఎక్కడుందో తేలదు. విప్పిన పాత ప్లగ్గును వెలుతురులో పెట్టి కాసేపు పరిశీలిస్తే, ఆ సిలిండర్లో కొన్ని వేల కిలోమీటర్లుగా ఏం జరుగుతోందో దాని కొన మీదే కనిపిస్తుంది. అందుచేత ఇంటి దగ్గర చేసే ఇగ్నిషన్ పనిలో భాగాలు మార్చడానికన్నా వాటిని చూడడానికి, కొలవడానికి ఎక్కువ సమయం ఇవ్వాలన్నది నా దృఢమైన అభిప్రాయం. దానికి మెకానిక్ కానక్కరలేదు. ఓపిక, శుభ్రమైన చేతులు, కొద్దిపాటి పనిముట్లు ఉంటే చాలు.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. కాయిల్ దానిని 20,000 వోల్టులకు పైగా, కొన్ని కార్లలో 40,000 వరకు పెంచుతుంది. ఆ బలంతోనే కరెంటు ప్లగ్ కొన దగ్గరున్న మిల్లీమీటరు పాటి సందును దాటి, సిలిండర్లో నొక్కుకుపోయి ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటిస్తుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ ఇవ్వాలి. ఇంత వోల్టేజీ ఉన్న చోట చిన్న పగులు, కాస్త తేమ, పలచటి మసి పొర ఉన్నా కరెంటుకు అదే సులువైన దారి అవుతుంది. నిప్పురవ్వ పడవలసిన చోట పడకుండా ఇంజిన్ లోహంలోకి పోతుంది. మనం పికప్ లేదనీ, జర్క్ ఇస్తోందనీ, పొద్దున్నే సెల్ఫ్ కొడితే అందుకోవడం లేదనీ చెప్పుకునే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే.

డీజిల్ కార్లలో స్పార్క్ ప్లగ్గులే ఉండవు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు, సీఎన్‌జీ కార్లకే వర్తిస్తుంది. బానెట్ ఎత్తి చూస్తే మీ కారు ఏ తరానికి చెందినదో తెలుస్తుంది. ఇప్పటి కార్లలో ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్ నిలువుగా కూర్చుని ఉంటుంది. అంతకుముందు వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) కార్లలో ఒకే కాయిల్ ప్యాక్ నుంచి ప్లగ్గులకు లావుపాటి వైర్లు వెళ్తాయి. వీటినే హెచ్‌టీ లీడ్లు అంటారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ మారుతి 800 వంటి పాత కార్లలో మధ్యలో, కాయిల్ కరెంటును ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా ఉంటుంది.

విజయవాడ, గుంటూరు వంటి ఊళ్లలో ఈ వ్యవస్థ మీద పడే భారం కొంచెం ప్రత్యేకమైనది. రోహిణి కార్తెలో బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగిన కారు బానెట్ కింద కాయిళ్లు, వైర్ల ప్లాస్టిక్ తొడుగులు ఎంత వేడెక్కుతాయో చేత్తో తాకితే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి అవి పెళుసెక్కి పగులుతాయి. దానికి తోడు ఊళ్లో తిరిగే కారు వన్‌టౌన్ నుంచి గవర్నరుపేట వరకు వెళ్లి ఆగిపోతుంది. ప్లగ్గు కొన దాదాపు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితేనే దాని మీద పేరుకున్న మసి తనంతట తాను కాలిపోతుంది. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో ఆ వేడి రానే రాదు. అందువల్ల కారును ఊళ్లోనే తిప్పేవారు అప్పుడప్పుడు జాతీయ రహదారి మీద మంగళగిరి మీదుగా గుంటూరు దాకా నిలకడైన వేగంతో నడిపి తేవడం ప్లగ్గులకు నిజంగా మేలు చేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

కావలసిన పనిముట్లు తక్కువే. ప్లగ్గును లోపల పట్టి ఉంచే రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్లగ్ సాకెట్ ముఖ్యం. నేటి కార్లలో ఎక్కువగా 16 మిల్లీమీటర్లది, పాత కార్లలో 21 మిల్లీమీటర్లది సరిపోతుంది. కొన్నింటికి 14 మిల్లీమీటర్లది కావాలి. దానికో పొడవాటి ఎక్స్‌టెన్షన్, రాచెట్, కాయిల్ బోల్టులకు 10 నంబరు సాకెట్, సన్నటి సందును కొలిచే రేకుల ఫీలర్ గేజ్, వోల్టులు, ఓములు కొలిచే మల్టీమీటర్, టార్చిలైటు, దుమ్ము ఊదడానికి సైకిల్ పంపు సిద్ధం చేసుకోవాలి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఉంటే చాలా మంచిది. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ పక్కన ఉండాలి. ఈ వ్యాసంలోని అంకెలకూ ఆ పుస్తకంలోని అంకెలకూ తేడా కనిపిస్తే పుస్తకాన్నే నమ్మండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాతే ప్లగ్గు విప్పాలి. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్గు తిప్పితే మర చెడిపోయే ప్రమాదముంది, మర చెడితే ఖర్చు ప్లగ్గుల ధరతో పోల్చలేనంతగా పెరుగుతుంది. సాయంత్రం బండి ఆపి, మర్నాడు పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఈ పని పెట్టుకోవడం మన వాతావరణానికి అన్ని విధాలా అనువైనది. తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు విప్పాలి. మళ్లీ బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైరు గానీ కాయిల్ గానీ లాగి చూసే అలవాటు పాత మెకానిక్కుల దగ్గర ఉండేది. ఇప్పటి కార్లలో ఆ పని మనిషికీ, కాయిల్‌కూ, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కూ ప్రమాదకరం. పేస్‌మేకర్ ఉన్నవారు ఇంజిన్ నడుస్తున్నప్పుడు బానెట్ దగ్గరికే రాకూడదు.

బ్యాటరీ, ఎర్త్

కాయిల్‌కు చేరే 12 వోల్టులు సరిగా లేకపోతే మిగతా పరీక్షలన్నీ వృథా కాబట్టి మొదట బ్యాటరీని కొలవాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు చూపిస్తే ఛార్జి నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగానికి పడిపోయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కన్నా దిగకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే చేతి తొడుగులు వేసుకుని, నీళ్లలో కలిపిన వంట సోడాతో బ్రష్ పెట్టి కడిగి, ఆరనిచ్చి, బిగించాక పలచగా వాజెలిన్ పూయాలి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరును చాలామంది మరిచిపోతారు. దాని బోల్టు దగ్గర తుప్పు ఉంటే విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేలా రుద్ది తిరిగి బిగిస్తే, కారణం తెలియకుండా వేధించే స్టార్టింగ్ ట్రబుల్ కొన్నిసార్లు అక్కడితోనే తీరిపోతుంది.

ప్లగ్గులు విప్పడం

పై ప్లాస్టిక్ కవరు తీసి, కాయిల్ కనెక్టర్ తాళాన్ని నొక్కి నెమ్మదిగా లాగాలి. వేడికి పెళుసెక్కిన ఆ క్లిప్పులు బలప్రయోగానికి విరిగిపోతాయి. బోల్టు విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ నిలువుగా పైకి తీయాలి. లీడ్లు ఉన్న కారైతే వైరును పట్టుకుని లాగకూడదు, ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగును పట్టుకుని తీయాలి. ఏ లీడు ఏ ప్లగ్గుదో కలగాపులగం కాకుండా ప్రతిదానికీ టేపు ముక్క అంటించి అంకె వేసుకోవాలి.

ఇక్కడ తొందరపడకూడని ఒక మెట్టు ఉంది. ప్లగ్గు ఉండే గుంతలో ఇసుక, దుమ్ము, ఎండిన ఆకు ముక్కలు చేరి ఉంటాయి. ముందు వాటిని పంపుతో ఊదకుండా ప్లగ్గు విప్పితే అవన్నీ నేరుగా సిలిండర్లోకి పడతాయి. గుంతలో నూనె కనిపిస్తే వాల్వ్ కవర్ గాస్కెట్ గానీ ప్లగ్ ట్యూబ్ సీల్ గానీ కారుతోందని అర్థం. ఆ సీల్ మార్పించకుండా కొత్త ప్లగ్గులు, కొత్త కాయిళ్లు వేసినా, నూనెలో నానిన రబ్బరు తొడుగు ఉబ్బి మళ్లీ అదే తంతు మొదలవుతుంది.

ఒకసారికి ఒక్క ప్లగ్గే విప్పడం క్షేమం. విప్పిన ప్లగ్గులను అట్ట ముక్క మీద 1, 2, 3, 4 అని రాసి ఆ వరుసలోనే పెట్టాలి. సాధారణంగా బెల్టులు ఉన్న వైపు నుంచి ఒకటో సిలిండర్ లెక్క మొదలవుతుంది. వరుస తప్పితే ఆ ప్లగ్గులు చెప్పే సమాచారంలో సగం పోయినట్టే.

కొనను చదవడం

కొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో పొడిగా ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. వేలికి అంటే నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా వెళ్తోందనీ, లేదా కారు మరీ చిన్న ప్రయాణాలకే పరిమితమవుతోందనీ అర్థం చేసుకోవాలి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు వైపు రోజూ తిరిగే బండికైనా, ఎడతెగని నిర్మాణాల మధ్య తిరిగే బండికైనా ఫిల్టర్ చెప్పిన గడువు కంటే ముందే పూడుకుపోతుంది.

నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్. పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ లోపలికి వస్తోంది. దీనికి ప్లగ్గు మార్చడం మందు కాదు, కంప్రెషన్ పరీక్ష చేయించాలి. తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తే ఆ సిలిండర్లో నిప్పురవ్వ పడడం లేదన్న మాట. పింగాణీ సుద్దలా తెల్లబడి, చిన్న చిన్న బొబ్బలు, కరిగిన మెటిక (కొన మీదికి వంగి ఉండే బయటి ఎలక్ట్రోడ్) కనిపిస్తే ఆ సిలిండర్ మితిమీరి వేడెక్కుతోంది. కూలెంట్ తక్కువ కావడం, పెట్రోలు చాలకపోవడం, తప్పు రకం ప్లగ్గు వేయడం దానికి కారణాలు కావచ్చు. ఇలాంటి ప్లగ్గును చూశాక కారణం కనుక్కోకుండా ప్రయాణం సాగిస్తే పిస్టన్‌కే చేటు.

నాలుగూ ఒకేలా నల్లబడి ఉంటే లోపం అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న గాలి, పెట్రోలు వ్యవస్థలోనో, ఏదైనా సెన్సర్‌లోనో వెతకాలి. మూడు గోధుమ రంగులో ఉండి ఒక్కటే తేడాగా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌కు చెందిన కాయిల్, లీడు, ఇంజెక్టర్, వాల్వుల వైపు చూపు మళ్లాలి. వరుస ముఖ్యమని ఇంతగా చెప్పడం ఇందుకే.

పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్లగీత ఉంటే కరెంటు అక్కడ బయటి నుంచి దిగిపోతోంది. ఆ ప్లగ్గునూ, దాని రబ్బరు తొడుగునూ కలిపి మార్చాలి. ఒకటి ఉంచి మరొకటి మారిస్తే పాతదాని గీత కొత్తదాని మీద మళ్లీ పడుతుంది.

కొత్త ప్లగ్గు ఎంపిక, బిగింపు

మామూలు నికెల్ ప్లగ్గులకు 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు, ఇరిడియం, ప్లాటినం రకాలకు మోడల్‌ను బట్టి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల వరకు ఆయుష్షు ఉంటుంది. సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కనుక ఆ కార్లలో ప్లగ్గులు త్వరగా అరుగుతాయి, సందు కూడా కొంచెం తక్కువ ఉంచమని తయారీదారులు చెప్పడం కద్దు. మాన్యువల్‌లో ఉన్న నంబరునే అడిగి కొనాలి. వేడి స్థాయిని తెలిపే అంకెను కంపెనీలు వేర్వేరుగా వాడతాయి: ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది (కొన వేడిని త్వరగా వదిలేది) అవుతుంది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది (వేడిని నిలుపుకునేది) అవుతుంది. అంకె దగ్గరగా ఉందని ఒక కంపెనీ ప్లగ్గు బదులు మరొకటి వేయించుకోవడం అందుకే తప్పు. అలాగే రెసిస్టర్ ఉన్న ప్లగ్గు స్థానంలో లేనిది వేస్తే కంప్యూటర్ సంకేతాలకు అంతరాయం కలుగుతుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అన్ని రకాలూ దొరుకుతాయి, నకిలీలూ వాటి మధ్యలోనే ఉంటాయి. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి. పెట్టె మీది అచ్చు మసకగా ఉన్నా, మర గరుకుగా ఉన్నా, మధ్య ఎలక్ట్రోడ్ పక్కకు ఒరిగి ఉన్నా వద్దని చెప్పండి.

సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. చాలా కార్లకు అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నికెల్ ప్లగ్గులో తేడా ఉంటే బయటి మెటికను మాత్రమే కొద్దిగా వంచి సరిచేయవచ్చు. ఇరిడియం ప్లగ్గు మధ్య కొన సూదిలా సన్నగా ఉంటుంది, దానిని ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకూడదు, వైరు బ్రష్‌తో రుద్దకూడదు. చేతిలోంచి నేల మీద పడిన ప్లగ్గును వాడవద్దు. పింగాణీలో వచ్చిన పగులు కంటికి కనిపించకపోవచ్చు.

ప్లగ్గును సాకెట్‌లో పెట్టి, రాచెట్ తగిలించకుండా, ఎక్స్‌టెన్షన్‌ను వేళ్లతో తిప్పుతూ దించాలి. మొదటి చుట్టులోనే బిగుతుగా అనిపిస్తే అడ్డంగా ఎక్కుతోందని గ్రహించి వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. వేళ్లతో పూర్తిగా దిగి వాషర్ ఆనిన తర్వాతే రాచెట్ అవసరం. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12 సరిపోతాయి. టార్క్ రెంచ్ లేనప్పుడు 14 మిల్లీమీటర్ల కొత్త వాషర్ ప్లగ్గును ఆనిన చోటు నుంచి అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు, ఒకసారి వాడినదాన్ని చుట్టులో పన్నెండో వంతు మాత్రమే తిప్పాలి. మరకు గ్రీజు పూయవద్దు, పూస్తే ఎంత బిగించామో అంచనా తప్పి మర తెగుతుంది. రబ్బరు తొడుగు లోపలి అంచుకు మాత్రం డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటును పోనివ్వని గ్రీజు) కొద్దిగా రాస్తే తేమ చేరదు, మరోసారి తీయడం తేలికవుతుంది.

కాయిల్ మీద అనుమానం వస్తే

స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్ గుర్తించిన లోపం కోడ్‌ను ఫోన్‌లో చదవవచ్చు. పీ0301 అంటే ఒకటో సిలిండర్లో మిస్‌ఫైర్ (మిశ్రమం సరిగా అంటుకోకపోవడం), పీ0302 అంటే రెండో దానిలో, అలా వరుసగా. పీ0300 అంటే ఏ ఒక్కదానికీ పరిమితం కాని మిస్‌ఫైర్. కోడ్ పీ0301 వస్తే ఒకటో కాయిల్‌ను రెండో చోట, రెండోదాన్ని ఒకటో చోట పెట్టి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. కోడ్ పీ0302గా మారితే కాయిల్ పోయినట్టే. మారకుండా పీ0301గానే ఉంటే ఇదే విధంగా ప్లగ్గులు మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ వంతు వస్తుంది, దానిని వర్క్‌షాపుకు వదలడమే మంచిది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ఎందరో కారు యజమానులు చేసుకోగలిగి ఉండీ చేసుకోవడం లేదన్నది నాకు బాధ కలిగించే విషయం.

చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలగడం వేరు, కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తోందని హెచ్చరిక. అప్పుడు బండి పక్కకు తీసి ఆపాలి.

హెచ్‌టీ లీడ్లను మల్టీమీటర్‌తో ఒక కొస నుంచి మరో కొసకు కొలిస్తే పొడవును బట్టి కొన్ని కిలో ఓములు చూపిస్తాయి. ఒకే పొడవున్న లీడ్లలో ఒకటి మిగతావాటికి చాలా భిన్నంగా ఉంటే సెట్టు మొత్తం మార్చడం మేలు. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుపుతూ దూరంగా నిలబడి చూస్తే, లీకున్న చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో మాత్రమే ఆగిపోయి, చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టయ్యే కారులో కాయిల్‌తో పాటు, ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ షాఫ్ట్ సెన్సర్‌ను కూడా అనుమానించాలి. ఈ రెండూ వేడికి తప్పే గుణమున్నవి కనుక ఏ వేళ, ఎంత దూరం నడిచాక ఆగిందో రాసి పెట్టుకుంటే మెకానిక్‌కు పని సులువవుతుంది.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత కారులో క్యాప్ లోపల పగుళ్లు, నల్లగీతలు, మధ్య కార్బన్ గుండీ, రోటర్ కొన చూసి, పాయింట్ల (కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంచి కలిపే బిళ్లల) సందును పుస్తకంలో చెప్పినట్టు సరిచేసుకోవాలి. సందు మారితే టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి.

ఇగ్నిషన్ తాళానికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ కలిపిన గుత్తి వేలాడదీయవద్దు. ఆ బరువుకు లోపలి స్విచ్ అరుగుతుంది. తాళం బిరుసుగా తిరుగుతుంటే కొబ్బరి నూనె పోయడం మన ఇళ్లలో అలవాటు, కాని ఆ నూనెకు దుమ్ము అంటి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి వాడండి.

ఎలుకలు, వానలు, వరద

వానాకాలంలో ఎలుకలు, పందికొక్కులు పొడి చోటు వెతుక్కుంటూ ఇంజిన్ మీదికి చేరి కాయిల్ వైర్లు కొరుకుతాయి. వారానికోసారి బానెట్ ఎత్తి పెంటికలు, కొబ్బరి పీచు, గుడ్డపేలికలు ఉన్నాయేమో చూడడమే అసలైన కాపలా. కొరికిన వైరుకు టేపు చుట్టి వదిలేయకుండా, తెగిన చోట సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించాలి. నీళ్ల పైపును పెద్ద ధారతో ఇంజిన్ మీదికి వదలడం ఏ కాలంలోనూ మంచిది కాదు. ప్లగ్గు గుంతలో నిలిచిన నీరు మర్నాటి మిస్సింగ్‌కు కారణమవుతుంది. అలా నీరు చేరితే కాయిల్ తీసి, గుంతను గుడ్డతో అద్ది, పంపుతో ఊది, పూర్తిగా ఆరాక బిగించాలి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు నీట మునిగినప్పుడు ఇళ్ల ముందున్న వాహనాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలా మునిగిన కారును ఇంటి దగ్గర స్టార్ట్ చేయడానికి ప్రయత్నించనే కూడదు. నీరు దిగాక మొదట సెల్ఫ్ కొట్టి చూడాలనిపిస్తుంది. సిలిండర్లో నీరుంటే అది నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తాళం అసలు తిప్పకుండా బ్యాటరీ నెగటివ్ విప్పి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసేలా ఫోటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేసి, బండిని లాగించుకుని వర్క్‌షాపుకు చేర్చాలి. అక్కడ ప్లగ్గులన్నీ విప్పి సిలిండర్లలో నీరుందేమో చూశాకే ఇంజిన్ తిప్పుతారు, ఆయిల్ మారుస్తారు, కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి ఆరబెడతారు. నీటిలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు కలిగే నష్టాన్ని సాధారణ బీమా పాలసీలు మామూలుగా భరించవు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ వేరుగా తీసుకోవాలి. కాలువ కట్టల పక్కన, లోతట్టు కాలనీల్లో ఉండేవారు పాలసీ రెన్యువల్ సమయంలోనే దానిని అడిగి చేర్పించుకోవాలి.